ఒకటో నంబరు మీద అతికించిన కాగితం

జూన్ 3

బుజ్జీ,

ఈ ఉత్తరం వెనకాలే ఒక పార్సిలు వస్తుంది. విప్పగానే దుమ్ముకి తుమ్ములొస్తాయి, ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకు. అది మా ఆసుపత్రి సహాయ సంఘం సభ్యుల రిజిస్టరు. ఇరవై ఆరేళ్లుగా తిప్పీ తిప్పీ వెన్ను విరిగింది, పేజీలు ఒక్కొక్కటే ఊడొస్తున్నాయి. మీ ఊళ్లో బైండింగు చేసేవాళ్లే లేరా అంటావు. ఉన్నారు. ఆడపడుచు చేతిలో విద్య పెట్టుకుని పరాయివాడి దగ్గరికి పోవడమేమిటి అన్నారు మీ అన్నయ్య. ఆయన అన్నదల్లా వింటానని కాదు గానీ, ఈ మాట మాత్రం బాగుంది.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అనకు. ఫోన్‌లో నువ్వు "ఊ, ఊ" అంటావు, నేను వాగుతూనే ఉంటాను, పెట్టేశాక చూసుకుంటే ఒక్కటీ చెప్పినట్టుండదు. కాగితమైతే నువ్వు ఊకొట్టినా నాకు వినపడదు.

అసలు సంగతి విను. ఆసుపత్రికి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, కాగితం మనిషి, అంతే. వచ్చిన వారానికే, మందులు పెట్టుకోవడానికి చోటు చాలట్లేదు, మీ గది ఖాళీ చేయండి అన్నాడు. మెట్ల పక్కన చిన్న గది. రెండు బల్లలు, ఒక కుట్టుమిషను, టీ పొయ్యి, కిటికీ కింద పాత బట్టల మూటలు. అదీ మా రాజ్యం. అక్కడ కూర్చునే టోపీలల్లి, బట్టలు బాగుచేసి, ఓపీ హాల్లో టీ, బిస్కెట్లు అమ్మి, వచ్చిందంతా పసిపిల్లల వార్డుకి ఇస్తున్నాం. గది పోతే సంఘం పోయినట్టే. ఇళ్లు పట్టుకు తిరిగి పనిచేసే వయసు మాలో ఎవరికుంది?

బతిమాలగా బతిమాలగా ఒక మాటకి దిగాడు. ఆగస్టు ముప్పై ఒకటికల్లా ఇరవైమంది సభ్యులుండాలి. ఉత్తి పేర్లు పనికిరావు, గదికొచ్చి ఒక్కరోజైనా పనిచేసి, రిజిస్టర్లో సంతకం పెట్టినవాళ్లే లెక్క. ఇప్పుడు పద్నాలుగు మందిమి. అందులో ఇద్దరికి సూదిలో దారం ఎక్కదు, ఒకావిడ వచ్చేది టీ కోసం.

అందుకని కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాను. ఓపీ క్యూలో, బస్టాపులో, ఇస్త్రీ షాపు దగ్గర, ఎవరు కనబడితే వాళ్లని పట్టుకుంటున్నాను. నన్ను చూసి జనం రోడ్డు దాటి అవతలి పక్కకి పోతున్నారట. ఇదీ మీ అన్నయ్య చెప్పిందే.

నిన్ను అడగటం లేదు, కంగారుపడకు. ఆ ఆసుపత్రి మెట్లు ఇక ఎక్కనని నువ్వన్న రోజు నాకు గుర్తుంది. రిజిస్టరు బాగుచేసి పంపు, అదే పదివేలు. మీ ఆయన్ని, అదే మా తమ్ముణ్ణి, అడిగానని చెప్పు.

మీ వదిన


జూన్ 11

వదినా,

పార్సిలు చేరింది. తుమ్ములు నాకు కాదు, ఆయనకి. పదిహేనుసార్లు తుమ్మి, "మీ వదిన రాకముందే ఆవిడ దుమ్ము వచ్చింది" అన్నారు.

ఇదివరకు ఎవడో ఈ రిజిస్టరుకి సైకిలు ట్యూబు ముక్క వేసి బైండు చేశాడు. అన్నయ్యేనా? ఆయనే అయుంటాడు. చిన్నప్పుడు నా పలక కూడా ఇలాగే బాగుచేశాడు. మొత్తం విప్పి, కుట్టు తీసి, మళ్లీ కుట్టి, కొత్త అట్ట వేస్తాను. స్కూళ్లు తెరిచారు, షాపు నిండా హాజరు పుస్తకాలే, కాబట్టి వెంటనే కాదు. జూలై చివరికి ఇస్తాను. ఈలోపల చేరినవాళ్ల పేర్లు విడి కాగితం మీద రాసుకో.

మీ సంఘం పెట్టి ఇరవై ఆరేళ్లయిందా? పదేళ్లో పన్నెండేళ్లో అనుకున్నాను.

సంఘం కబుర్లు రాయి, చదువుతాను. జనం నిన్ను చూసి రోడ్డు దాటడం నాకు కళ్లకి కట్టింది, చాలా రోజులకి పైకి నవ్వాను. వార్డు సంగతులు మాత్రం వద్దు. ముప్పై ఒక్క రోజులు ఆ వార్డు బయట బెంచీ మీద కూర్చుని, నా పాపని అక్కడే వదిలేసి వచ్చినదాన్ని. ఇన్నేళ్లయినా అంబులెన్సు వెళ్తుంటే షాపు తలుపు దగ్గరకేస్తాను. నన్ను అడగనన్నందుకు సంతోషం.

బుజ్జి


జూన్ 20

బుజ్జీ,

నా నోరే నా కొంప ముంచింది. ఎవరితో చెప్పుకోను, నీతోనే చెప్పుకుంటున్నాను.

పద్నాలుగు పదహారయ్యాం. సెలూను ఆయన చేరాడు. మీ అన్నయ్య క్షవరానికి వెళ్లి, కత్తి మెడ మీదుండగా సంఘం గురించి గంటసేపు చెప్పారట. ఆయన వచ్చి రోగులకి గడ్డాలు గీస్తానన్నాడు, ఎంత మంచి ఆలోచనో చూడు. ఇంకొకావిడ రిటైరైన హెడ్ నర్సు. పనిచేసినన్నాళ్లూ మమ్మల్ని వరండాలోంచి తరిమేది, ఇప్పుడు మాతోపాటు కూర్చుని ఇంకొకళ్లని తరుముతోంది.

పదిహేడో మనిషి దగ్గరే పప్పులో కాలేశాను. మార్కెట్టు వీధిలో గుండీల షాపావిడ, ముప్పై ఏళ్లుంటాయేమో. చాలా నెమ్మది, లెక్క కూడా గొంతులోనే చెబుతుంది. నేను అడగకుండానే ఒకరోజు, "మీ గదికి నేనూ రావచ్చాండీ?" అంది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. శనివారం వచ్చింది. గుమ్మం దగ్గరే చప్పట్లు కొట్టించాను. నేను స్వయంగా రాసి అచ్చేయించిన స్వాగత పత్రం పైకి చదివాను. "ఎందుకు చేరాలనిపించిందో నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నాను. చేతిసంచీ పట్టీ చుట్టుకుంటూ నిలబడింది. సిగ్గేమో అనుకుని, రా, బిడ్డల్ని వెచ్చగా పడుకోబెట్టడానికి మనం కొనిచ్చిన అద్దాల బాక్సులు చూపిస్తానని చెయ్యి పట్టుకుని పసిపిల్లల వార్డుకి తీసుకుపోయాను. అద్దం దాకా వచ్చింది. బాక్సులు చూసింది. "ఇప్పుడే వస్తానండీ" అని వెళ్లింది. ఇక రాలేదు. చేతిసంచీ కూడా మా బల్ల మీదే వదిలేసింది.

హెడ్ నర్సు తర్వాత చెప్పింది. కిందటేడు ఆ పిల్లకీ అదే వార్డులో నీకు లాగే అయిందట. నాకు తెలియాలి కదా బుజ్జీ! అందరిలోనూ నాకు తెలియాలి. వార్డు సంగతి వద్దన్నావు, అయినా రాసేశాను. కొట్టెయ్యాలంటే ఉత్తరం అంతా కొట్టెయ్యాలి. క్షమించు.

స్వాగత పత్రం ఒకటి ఇందులో పెట్టాను. తప్పులుంటే చెప్పు.

మీ వదిన


జూన్ 28

వదినా,

స్వాగత పత్రం చదివాను. తప్పుల్లేవు. అదే దాని తప్పు. "మహోన్నతమైన సేవాయజ్ఞంలో సమిధలమై" అని రాశావు. సమిధలంటే కాలిపోయేవని తెలుసుగా? గుండీలమ్ముకునే మనిషిని పిలిచి కాలిపొమ్మంటే పారిపోదా?

కోపం తెచ్చుకోకు. నాకు తోచింది రాస్తాను.

ఎవరూ ఊరికే ఆసుపత్రికి సాయం చేస్తాననరు. ఏదో ఒకటి జరిగే వస్తారు. అది అడక్కు. చెప్పాలనిపించినరోజు వాళ్లే చెబుతారు, లేకపోతే లేదు. చప్పట్లొద్దు. వార్డు అసలొద్దు, వాళ్లడిగితే తప్ప. కిటికీ పక్క కుర్చీ ఇవ్వు, కళ్లు పెట్టుకోవడానికి ఒక చోటుంటుంది. చేతికి పనివ్వు. ఒట్టి చేతుల్తో కూర్చోబెట్టావా, మనిషికి ఏడుపొస్తుంది.

ఏం పనివ్వాలో నీకే తెలుసు, మర్చిపోయావు. ఊలు చిలప, ఉండ చుట్టకముందు వలయంలా ఉండే ఊలు. చేరినవాళ్ల రెండు చేతులకీ చిలప తగిలించు, నువ్వెదురుగా కూర్చుని ఉండ చుట్టు. వాళ్లు లేచి పోలేరు, మాట్లాడక్కర్లేదు, ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు, ఊలు చూస్తే చాలు. ఆ బెంచీ మీద ముప్పై రోజులూ నువ్వు నాకు చేసిందదే కదా. దాంతోనే నాకు పిచ్చెక్కలేదు. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు, ఇవాళ చెప్పాను.

పత్రం కూడా మార్చి రాశాను. నచ్చితే వాడు:

"రండి. కూర్చోండి. ఎందుకొచ్చారో చెప్పనక్కర్లేదు. రెండు చేతులూ చాపండి."

రిజిస్టరు విప్పాను. ఒక్క సందేహం. మొదటి పేజీలో రెండో నంబరు నుంచే పేర్లున్నాయి. రెండు నువ్వు, మూడు అన్నయ్య. ఒకటో నంబరు గడి మీద అడ్డంగా ఒక కాగితం ముక్క అతికించి ఉంది. మైదా జిగురు పురుగు పట్టి ఉబ్బింది. అది తీసేసి కొత్త కాగితం వేయనా?

బుజ్జి


జూలై 5

బుజ్జీ,

ఆ కాగితం తీయకు! దాని జోలికి పోకు. పురుగు పడితే పడనీ. అదేదో పాత దిద్దుబాటు, అంతే. మిగతా పేజీలు కుట్టి పంపెయ్యి.

ఇక మంచి కబురు. గుండీల షాపావిడ చేతిసంచీ ఇవ్వడానికి వెళ్లాను. ఈసారి నోటికి తాళం వేసుకున్నాను, ఎంత కష్టమో నీకు తెలీదు. సంచీ ఇచ్చి, "బుధవారం ఊలు చుట్టాలి, పట్టుకునేవాళ్లు లేరు" అన్నానంతే. వచ్చింది! కిటికీ పక్కన కూర్చుంది. చేతులు చాపింది. నాలుగు చిలపలు చుట్టాను, నేను ఒక్క మాటంటే ఒక్క మాట మాట్లాడలేదు. నాకు జ్వరమేమోనని హెడ్ నర్సు నుదురు పట్టుకు చూసింది. అయిదో చిలప దగ్గర ఆ పిల్ల తనే, "మా బాబుకి ఊలు పడేది కాదండీ, ఒళ్లు ఎర్రబడేది" అంది. "ఓహో" అన్నాను. అంతే. వెళ్తూ వెళ్తూ నువ్వు చెప్పిన విడి కాగితం మీద సంతకం పెట్టింది.

ఇప్పుడు కొత్తవాళ్లందరికీ నీ పద్ధతే, నీ పత్రమే. పద్దెనిమిది మందిమయ్యాం.

మీ వదిన

చెల్లాయ్, ఇది మీ అన్నయ్య రాత. మీ వదిన పోస్టు చేయమని ఇచ్చింది, అంటించేముందు చదివాను, అది వేరే సంగతి. బైండింగుకి సైకిలు ట్యూబు వేసింది నేనే, పద్నాలుగేళ్లు ఆగింది, నీ కొత్త అట్ట అన్నాళ్లుంటుందేమో చూద్దాం. ఒక్క మాట. మీ వదిన మాట్లాడేదంతా పట్టించుకోకు. మాట్లాడనిది ఒకటుంది, అదడుగు. నా చేత ఒట్టేయించుకుంది కాబట్టి నేను చెప్పకూడదు.


జూలై 13

వదినా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. పాత దిద్దుబాటుకి ఇంత కంగారెందుకు? ఇరవైమంది లెక్క కోసం ఆ గడిలో ఏమైనా తిరకాసు చేశావా? చేసుంటే ఇప్పుడే చెప్పు. మా షాపులో దొంగ రిజిస్టర్లు బైండు చేయం. అన్నయ్య చేత ఒట్టు కూడా వేయించావట.

నీకు చెప్పకపోవడం అలవాటే. ఇన్నేళ్లూ అడగలేదు, ఇవాళ అడుగుతున్నాను. ముప్పయ్యోరోజు పొద్దున్న నా చేతులకి పసుపుపచ్చ ఊలు తగిలించావు. సగం చుట్టి, ఉండ నా ఒళ్లో పెట్టి, "ఇప్పుడే వస్తాను, చేతులు దించకు" అని వెళ్లావు. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలుసా? చేతులు తిమ్మిరెక్కేదాకా. నర్సు వచ్చి ఊలు తీసేదాకా. మర్నాడు పదకొండింటికి పాప పోయింది. నువ్వు లేవు. అన్నయ్య ఉన్నాడు, ఆయన ఉన్నారు, నెల రోజులు నా పక్కనుంచి కదలని మనిషివి నువ్వు మాత్రం లేవు. మధ్యాహ్నం ఎప్పుడో వచ్చి గోడవారగా నిలబడ్డావు. చూడలేక ఇంటికి పోయి పడుకుందనుకున్నాను. తర్వాత నేనే నీ తరఫున వాదించుకున్నాను, అందరికీ గుండె ధైర్యం ఒకేలా ఉండదులే అని. కానీ మనసు విరిగింది వదినా. ఆ ఊరు వదిలేసింది పాప పోయినందుకే కాదు.

రాయకూడనిది రాశాను. రాశాక చించడానికి చేతులు రావడం లేదు.

బుజ్జి


జూలై 22

బుజ్జీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అన్నయ్య టీ పెట్టి తెచ్చి, పక్కన పెట్టి, "ఇక చెప్పు" అన్నారు. చెబుతున్నాను.

అప్పట్లో వార్డుకంతటికీ ఒక్కటే బాక్సు. నీకు గుర్తుందిగా, పాపనీ ఇంకొక బిడ్డనీ పక్కపక్కన పడుకోబెట్టారు. ముప్పయ్యోరోజు పొద్దున్న డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఒకళ్ల జబ్బు ఒకళ్లకి అంటుకుంటోందమ్మా, ఇంకొక బాక్సుంటే బాగుండును అన్నాడు. పక్కూళ్లో ఒక ఆసుపత్రి మూసేస్తున్నారని, అక్కడ పాతదుందని కూడా చెప్పాడు. "ఇప్పుడే వస్తాను" అని నీతో అన్నది అబద్ధం కాదు. సాయంత్రంలోపల వస్తాననే అనుకున్నాను. నీకు ఆశపెట్టి లేదనిపించుకోవడం ఇష్టంలేక చెప్పలేదు.

నా చేతి గాజులు చాలలేదు. మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను, ఆ రోజు వాళ్లకి జీతాలు. జీవితంలో ఎవర్నీ చెయ్యి చాచి అడగనిదాన్ని, ఆ రోజు వందమందిని అడిగాను. స్కూలు టీచర్లనడిగాను, బట్టల షాపులో అడిగాను. మిల్లు వాచ్‌మన్ ముసలాయన తన టోపీ తీసి నా చేతికిచ్చి, దీంట్లో పట్టమ్మా, కొంగైతే జారుతుంది అన్నాడు. పక్కూరు చేరేసరికి ఆ ఆసుపత్రికి తాళం. తాళాలున్న మనిషి మర్నాడు పొద్దున్నగ్గానీ రాలేదు. వ్యాను మాట్లాడుకుని, బాక్సుకి దెబ్బ తగలకుండా ఒళ్లో పట్టుకున్నట్టే కూర్చుని వచ్చాను.

మన గేటులోకి వ్యాను వచ్చేసరికి పన్నెండున్నర.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని. నీ మొహం చూసి ఏం చెప్పమంటావు? బాక్సు తెచ్చానే, గంటన్నర ఆలస్యమైంది అని చెప్పనా? ముందురోజే వెళ్లుంటే, ఇంకో నలుగుర్ని తొందరగా అడిగుంటే అని నీ బుర్రలో కూడా పురుగు తొలవడం మొదలవుతుంది. అది నా బుర్రలో ఉంది, చాలు అనుకున్నాను. బాక్సున్నా బతికేదో లేదో డాక్టరే చెప్పలేకపోయాడు. మీ అన్నయ్య చేత అందుకే ఒట్టేయించుకున్నాను. పారిపోయిందనుకుంటే అనుకో, నా మీద కోపమైతే మోయగలవు, అది మోయలేవనిపించింది. తప్పే చేశానేమో. నాకిప్పటికీ తెలీదు.

బాక్సు అమ్మేసి, ఎవరి డబ్బు వాళ్లకి తిరిగిచ్చేద్దామని మిల్లు గేటు దగ్గరికే వెళ్లాను. ఒక్కళ్లూ తీసుకోలేదు. వాచ్‌మన్, "ఇచ్చింది పాపకమ్మా. ఈ పాప కాకపోతే ఇంకో పాప" అన్నాడు. మర్నాడే దాంట్లో ఇంకొకళ్ల బిడ్డని పెట్టారు. మా సంఘం పుట్టింది ఆ వారంలో.

ఆ కాగితం అతికించింది నేనే. కొత్తగా చేరినవాళ్లందరూ మొదటి గీత చదివి, ఇదెవరని అడిగేవాళ్లు, నేను ఏడ్చేదాన్ని. తియ్యాలో వద్దో ఇక నీ ఇష్టం. నీ చేతికే ఎందుకు పంపానో, మర్చిపోయి పంపానో, మర్చిపోయాననుకుని పంపానో, దేవుడికే తెలియాలి.

మీ వదిన


ఆగస్టు 12

బుజ్జీ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. పోస్టుమన్ మా వీధిలోకి రావడం మానేశాడు, వస్తే నేను అడిగే ప్రశ్నలకి భయపడి.

పంతొమ్మిది మందిమయ్యాం. ఇరవయ్యో మనిషి దొరకటం లేదు. టీ కోసం వచ్చే ఆవిడ కూతుర్ని తెస్తానంది, ఆ పిల్లకి పరీక్షలట. సూపరింటెండెంటు నిన్న వచ్చి గది కొలతలు తీసుకున్నాడు. గుండీల షాపావిడ ఆయన చేతికి కూడా ఊలు తగిలించబోయింది, తప్పించుకున్నాడు. ఆ పిల్ల మొదటిసారి పైకి నవ్వడం చూశాను. గది పోయినా ఆ నవ్వు దక్కింది అనుకుంటున్నాను. అనుకుంటున్నానే గానీ, నిద్ర లేచిన దగ్గర్నుంచి గుండెలో రాయే.

ఇది నిన్ను పిలవడానికి రాయడం లేదు. ఒట్టు. రిజిస్టరు సంగతి కూడా వదిలెయ్. ఒక్క కార్డు ముక్క రాయి, బాగున్నామని. తిట్టినా సరే.

మీ వదిన


ఆగస్టు 20

వదినా,

బాగున్నాం. ఆలస్యానికి కారణం కోపం కాదు. మొదట్లో కొంచెం కోపమే, అబద్ధమెందుకు. మోయలేవని నువ్వే నిర్ణయించేస్తే ఎలా? నేను మోయగలనో లేదో నన్నడగాలి కదా. ఇరవై ఆరేళ్లు నువ్వొక మూల, నేనొక మూల, ఒకే మూటని చెరి సగం మోసుకుంటూ కూర్చున్నాం. ఆయన ఉత్తరం చదివి, "మీ వదినని తిట్టాలో, దణ్ణం పెట్టాలో తెలియట్లేదు" అని బయటికి వెళ్లి చాలాసేపు షాపు మెట్ల మీద కూర్చున్నారు.

కాగితం చివరికి నిన్న తీశాను. టీ కెటిల్ ఆవిరి పట్టిస్తే మైదా జిగురు దానంతటదే వదులుతుంది. జానెడు కాగితం ముక్క. ఆయన కెటిల్ పట్టుకున్నారు, నేను గోటితో మెల్లగా లేపాను.

నీ పాత గుండ్రటి రాత.

నంబరు: 1. పేరు: బుజ్జి పాప. వయసు: ముప్పై ఒక్క రోజులు. చేయగలిగిన పని: అందర్నీ ఒకచోట కూర్చోబెట్టడం. మానిన రోజు: అని ఉన్నచోట ఏమీ రాయలేదు.

మిగతా పేజీలన్నీ తిరగేశాను. మానేసినవాళ్లవి, పోయినవాళ్లవి, అందరి పేర్ల మీదా ఎర్ర గీతలున్నాయి. ఒక్క దాని పేరు మీద గీత లేదు. ఇరవై ఆరేళ్లుగా సభ్యురాలిగానే ఉంచావు వదినా. దానికి పేరు పెట్టడానికే మాకు టైము లేకపోయింది, ఏ కాగితంలోనూ దాని ఆనవాలు లేదనుకున్నాను. ఉంది. నీ దగ్గరుంది. ఇన్నాళ్లకి బాగా ఏడ్చాను. మనసు తేలికైంది.

ఆ కాగితం మళ్లీ అతికించను. ఎవరైనా ఇదెవరని అడిగితే ఇక నువ్వు చెప్పక్కర్లేదు, నేను చెబుతాను.

అందుకని రిజిస్టరు పోస్టులో పంపడం లేదు. నేనే తెస్తున్నాను. ఇరవై తొమ్మిది, శనివారం పొద్దున్న బండి దిగి సరాసరి గదికే వస్తాను. ఇంటికి వెళ్తే మళ్లీ కాళ్లు కదలవేమోనని భయం. నాకు అరవై నాలుగో నంబరు వస్తుంది, లెక్క చూసుకున్నాను. ఒకటి దానిదగ్గరే ఉండనీ. మీ సూపరింటెండెంటు ఇరవై కోసమే వస్తున్నాననుకుంటే అనుకోనీ, ఆ గది ఖాళీ చేయిస్తే మా పాప ఎక్కడ కూర్చుంటుంది?

చెప్పినవన్నీ గుర్తున్నాయిగా? స్టేషనుకి రాకు. గుమ్మం దగ్గర చప్పట్లొద్దు. అన్నయ్యని ప్రసంగం చేయనివ్వకు. వార్డు చూపించకు. నేనడిగితే చూపించు. అడుగుతానేమో.

పాపకని అప్పుడు మొదలుపెట్టిన పసుపుపచ్చ టోపీ నా దగ్గరే ఉంది, సగంలో, సూదులతో సహా. తెస్తున్నాను. ఊలు మాత్రం చాలదు.

బుజ్జి


ఆగస్టు 29
(కిటికీ పక్క కుర్చీలో పెట్టిన కార్డు)

బుజ్జీ,

నోటితో చెబితే ఏడుస్తాను, అందుకని ఇది కూడా రాతే. చప్పట్లు లేవు. మీ అన్నయ్యని టీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను, నోట్లో బిస్కెట్టుంది, అది అయ్యేలోపల చదివెయ్.

రా. కూర్చో. ఎందుకొచ్చావో చెప్పనక్కర్లేదు. పసుపుపచ్చ ఊలు తెప్పించాను.

రెండు చేతులూ చాపు. ఈసారి ఉండ పూర్తయ్యేదాకా నేను లేవను.

మీ వదిన